ఇందిరమ్మ చేతి ముద్ద

ప్రత్యూషకు ఎవరో మందు పెట్టారని మొదట అన్నది పాలు పోసే ఆదెయ్య. పొద్దున్నే గిన్నెలోకి పాలు కొలుస్తూ, వాకిట్లో చెప్పులు తొడుక్కుంటున్న పిల్లను ఎగాదిగా చూశాడు. ఆమె బస్సు కోసం వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తల్లి రేవతిని అడిగాడు.

"ఏందమ్మా, పాప అట్టా అయిపోయింది? దవడలు ఉబ్బి, కళ్లు లోపలికి పొయ్యి. తింటదా అసలు?"

"తినకేందన్నా. ఇద్దురు మనుషుల తిండి తింటది. అదే నాకు అర్థం కాలా."

"అంత తినీ ఒంటికి పట్టలేదంటే, తిన్నది ఆ బిడ్డకు చేరడంలా. లోపల ఏదో కూచోని తింటా ఉండాది. మా తోడల్లుడి కూతురికీ ఇట్నే అయింది. పెట్టుడు మందు. హజరత్తయ్య కక్కించినాక నెల తిరక్కుండా మనిషైంది."

రేవతి పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మైపాడు రోడ్డు వెంట ఉన్న ఆ ఊళ్లలో పెట్టుడు మందు సంగతి తెలియని ఇల్లు లేదు. పడనివాళ్లో, మనసు తిప్పుకోవాలనుకున్నవాళ్లో అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది పేగుకు అంటుకుని ఏళ్లతరబడి మనిషిని పీల్చేస్తుందని నమ్ముతారు. ఆసుపత్రి మిషన్లకు అది కనపడదని కూడా నమ్ముతారు. పసరు తాగించి దాన్ని కక్కించే మనుషులు అక్కడక్కడా ఉంటారు. వాళ్ల దగ్గరికి చదువుకున్నవాళ్లూ పోతారు, పోయినట్టు చెప్పరు.

కూతురు ఇద్దరి తిండి తింటుందని గమనించిన రేవతి, తిన్న తరువాత ఎక్కడికి పోతుందో గమనించలేదు.

ప్రత్యూష ఇంటర్ మొదటి సంవత్సరంతో చదువు ఆపేసింది. తండ్రి నరేంద్రబాబుకు నడుము పట్టేసి ఆరు నెలలు మంచం దిగని ఏడాది అది. నారుమడికి, రొయ్యల గుంట కాపలాకు తల్లి తిరుగుతుంటే ఇంటి పని ఆమె మీద పడింది. తండ్రి లేచి తిరిగేనాటికి కాలేజీకి వెళ్లాలంటే ఆమెకే సిగ్గయింది. తనకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చోవాలి. అందుకని నెల్లూరులో చీరల కొట్లో చేరింది.

మొదటి ఏడాది చీరలు మడతలు పెట్టే పని. తరువాత కొట్టు యజమాని హరినాథ్ ఫోనులో లైవ్ అమ్మకాలు మొదలుపెట్టాడు. గుండ్రటి లైటు ముందు ఒక అమ్మాయి నిలబడి, చీరను భుజాన వేసుకుని, కొంగు చూపించి, అంచు చూపించి మాట్లాడాలి. చూసేవాళ్లు నచ్చిన చీరను స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. నలుగురిలో నోరు విప్పని ప్రత్యూషకు ఫోను ముందు గొంతు బాగా పలికింది. మనిషి కళ్లలోకి చూడక్కరలేదు గనకనేమో. "అక్కా, ఈ రంగు చూడండి, వంగపండు మీద కంచి అంచు" అని ఆమె చెబుతుంటే చీరలు పోయేవి. హరినాథ్ ఆమెనే రోజూ నిలబెట్టాడు.

ఫోను పట్టుకునేది షాహనా. చూసేవాళ్లు రాసేవన్నీ పైకి చదవడం ఆమె పని. "గూడూరు నుంచి లక్ష్మక్క రేటు అడుగుతా ఉంది," "కావలి నుంచి ఇంకో రంగు ఉండాదా అంటా ఉండారు." ఒక రోజు చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ప్రత్యూష చీర దించి ఫోను దగ్గరికి వచ్చి తనే చదువుకుంది. చీరను చూపించండి, గుమ్మడికాయను కాదు. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా ఇరవై.

"పట్టించుకోబాక పాపా" అన్నాడు హరినాథ్. "పనిలేనోళ్లు. కాకపోతే నువ్వూ కొంచెం తగ్గు. కెమెరాలో ఉన్నదానికన్నా లావుగా పడతారు. ఒక నెల రాత్రిపూట అన్నం మానెయ్."

తిట్టలేదు. బిడ్డకు చెప్పినట్టే చెప్పాడు. ఆ రోజు నుంచి షాహనా అలాంటి రాతలు చదవడం మానేసింది. కానీ అలాంటిది వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు ఒక వరస దాటి కిందికి దూకేవి. ఆ దూకడం ప్రత్యూషకు చదివినంత స్పష్టంగా తెలిసిపోయేది.

రాత్రి అన్నం మానేసింది. తరువాత మధ్యాహ్నానిదీ మానేసింది. నెలా రెండు నెలలు ఒళ్లు తగ్గింది, కొట్లో అందరూ మెచ్చుకున్నారు. ఆ తరువాత వచ్చింది ఆకలి. మామూలు ఆకలి కాదు. సాయంత్రం ఇంటికి రాగానే చద్దన్నం, డబ్బాలో మురుకులు, బెల్లం గడ్డ, వచ్చేపోయే పిల్లల కోసం దాచిన బిస్కెట్లు, ఏది కనపడితే అది. రుచి తెలిసేది కాదు. ఆపాలని లోపల ఎవరో అరుస్తుంటే చేతులు వేరే ఎవరివో అయినట్టు తినేది. తిన్నాక కడుపు రాయిలా అయ్యేది. రేపు లైటు ముందు నిలబడాలి. అప్పుడు పోయి కక్కుకునేది.

ఈ పని లోకంలో ఇంకెవరూ చేసి ఉండరని, ఇంత రోత ఆలోచన తనకే పుట్టిందని అనుకుంది. వారానికి ఒకసారి అనుకున్నది రోజూ అయింది. రేపటి నుంచి మానేస్తానని రెండేళ్లు అనుకుంది.

ఇంట్లో బాత్రూము వసారా పక్కనే, ప్రతి చప్పుడూ వినపడుతుంది. అందుకని పక్క వాటాలోని ఇందిరమ్మ పెరట్లో ఉన్నదానికి పోయేది.

ఇందిరమ్మ ఆమెకు చిన్నమ్మ, చనిపోయిన చిన్నాయన భార్య. పిల్లలు లేరు. ఊరి బడిలో మధ్యాహ్నం పిల్లలకు వంట చేస్తుంది. రెండు వాటాల మధ్య పెరట్లో చిన్న తలుపుంది. ప్రత్యూష నడక నేర్చినప్పటి నుంచి ఆ తలుపుకు గడియ పెట్టిన రోజు లేదు. సాయంత్రం ప్రత్యూష బస్సు దిగి వచ్చేసరికి ఇందిరమ్మ పెద్ద గిన్నెలో అన్నం, పులుసు కలుపుకుని కూర్చునేది. బడి కబుర్లు చెబుతూ ముద్దలు చేసి ఆమె చేతిలో పెట్టేది. "ఈరోజు గుడ్డు రోజు మే. ఒకడు జోబీలో దాచుకున్నాడు, వాళ్లమ్మకంట. నలిపి పెట్టుకోని ఏడుపు." ప్రత్యూష నవ్వేది, తినేది. ఇంకో ముద్ద, ఇంకోటి. తరువాత పెరట్లోకి పోయేది. తరువాత సొంత ఇంటికి పోయి మళ్లీ తినేది.

ఆ ఇంట్లో ఆమె తినడాన్ని చూసి సంతోషపడేది ఇందిరమ్మ ఒక్కతే.

ఆదెయ్య చెప్పిన వారానికి, ఒక ఆదివారం, తల్లి, తండ్రి, ప్రత్యూష ముగ్గురూ పాసింజరు రైల్లో బిట్రగుంటలో దిగి, అక్కడి నుంచి ఆటోలో హజరత్తయ్య ఊరికి పోయారు. ఆయన గురువారం, ఆదివారం చూస్తాడు. పరగడుపున రావాలి. రేకుల పంచ కింద ముప్పైమంది దాకా కూర్చుని ఉన్నారు. మధ్యలో స్టీలు బేసిను, నీళ్ల డ్రమ్ము.

హజరత్తయ్య అరవై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ప్రత్యూష ముఖం చూసి అడిగాడు.

"ఆకలి ఎక్కువా పాపా?"

"అవును."

"తిన్నాక గొంతులో, కడుపులో మంట?"

"అవును."

"తిన్నాక ఎవురూ లేని చోటికి పోవాలనిపిస్తదా?"

ప్రత్యూష తల ఎత్తింది. ఒక్క క్షణం ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఈయనకు తెలుసు. ఇట్లాంటివాళ్లను ఎంతమందినో చూసి ఉంటాడు. ఇప్పుడు పేరు పెట్టి చెబుతాడు, నేను అవునంటాను, అయిపోతుంది.

"మందే" అన్నాడు హజరత్తయ్య, తల్లివైపు తిరిగి. "రెండేళ్లది. గట్టిగా పట్టింది."

పసరు తాగించారు. రేవతి కూతురి జుట్టు వెనక్కి పట్టుకుని, వీపు నిమురుతూ, "రానీ తల్లీ, రానీ, అంతా బయటికి రానీ" అంటూ ఏడ్చింది. రెండేళ్లుగా ఒంటరిగా, నీళ్ల కుళాయి తిప్పి చప్పుడు దాచుకుని చేసిన పనిని ప్రత్యూష ఆ రోజు ముప్పైమంది ముందు, తల్లి చేతుల్లో చేసింది. ఎవరూ అసహ్యించుకోలేదు. వెనక ఎవరో ముసలామె "మంచిగా వస్తా ఉండాది" అని మెచ్చుకుంది కూడా.

హజరత్తయ్య పుల్లతో బేసినులో కలియబెట్టి నల్లటి ముద్ద ఒకటి పైకి తీశాడు. దానికి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. పంచ కింద అందరూ మెడలు చాచారు. పుల్ల పెట్టకముందు ఆయన ఎడమచేయి భుజం మీది తువ్వాల్లోకి పోయి వచ్చిందని ప్రత్యూష చూసింది. చూడకపోయినా ఆమెకు తెలుసు. తన కడుపులో ఏముంటుందో, ఏది ఎట్లా బయటికి వస్తుందో ఆమెకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ ముద్ద తనది కాదు.

"ఆడమనిషి పెట్టింది" అన్నాడు ఆయన. "చేతిముద్దలో. దగ్గిర మనిషే. బిడ్డలు లేని మనిషి అట్టా ఎవురన్నా ఉండారా?"

రేవతి, నరేంద్రబాబు ఒకరినొకరు చూసుకున్నారు. "మా తమ్ముడి పెళ్లాం" అన్నాడు నరేంద్రబాబు, గొంతు తగ్గించి.

హజరత్తయ్య ప్రత్యూషను అడిగాడు. "ఆమె చేతిముద్ద తిన్నావా పాపా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. కళ్లలో నీళ్లు, గొంతు పచ్చిపుండు. చెప్పవలసింది చాలా ఉంది. చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి. ఈ ముప్పైమంది ముందు, అమ్మ ముందు. ఆమె అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పింది.

"తిన్నా."

ఆ ఒక్క మాట చాలింది.

రేవతి ఇంటికి వచ్చి గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే బాగుండేది, ఇందిరమ్మ కూడా నాలుగు మాటలు అనేది, నిజం ఎక్కడో ఒకచోట బయటపడేది. రేవతి ఇనప తీగ తెచ్చి పెరటి తలుపును ఏడు చుట్లు చుట్టింది, అంతే. తీగ బిగిస్తుంటే అవతల ఇందిరమ్మ "ఏమైంది అక్కా, తలుపు ఊడిందా?" అని అడిగింది. రేవతి ఇంకో చుట్టు బిగించింది. సాయంత్రానికి ఆదెయ్య ఆ వీధిలో పాలు పోసే ఇళ్లన్నిటికీ సంగతి చేర్చాడు.

రెండో రోజు బడిలో పదిమంది పిల్లలు తినకుండా లేచారు. మూడోనాటికి సగం మంది ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. ఒక తల్లి బడిలోకే వచ్చి, కొడుకు ముందున్న పళ్లెం లాక్కుని అన్నం కుక్కకు పోసింది. నాలుగో రోజు హెడ్మాస్టరు పెంచలకృష్ణ సారు ఇందిరమ్మను పిలిచి, కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమన్నాడు. పదేళ్లు ఆ పొయ్యి ముందు నిలబడిన మనిషి ఎప్రాన్ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వచ్చేసిందట.

ఇదంతా ప్రత్యూష ఇంట్లో కూర్చుని విన్నది. సాయంత్రాలు పక్క వాటాలో గిన్నె చప్పుడు లేదు. చెప్పాలని రోజూ అనుకుంది. చెప్పలేక తిన్నది, తిన్నందుకు కక్కుకుంది, అదీ ఇప్పుడు ఇంట్లోనే. చప్పుడు వినపడితే అమ్మ సంతోషించేది. "ఇంకా మిగిలింది వస్తా ఉన్నట్టుంది" అనేది తండ్రితో.

ఎనిమిదో రోజు కొట్లో లైటు ముందు నిలబడి చీర కొంగు చూపిస్తుండగా చేతివేళ్లు కొంకర్లు పోయాయి. విప్పుదామంటే రాలేదు. గుండె ఒకసారి కొట్టుకుని, ఆగి, రెండుసార్లు గబగబా కొట్టుకున్నట్టయింది. షాహనా ఫోను పక్కన పడేసి పట్టుకునేసరికి ప్రత్యూష చీరలోనే కూలబడింది. ఆ రోజు లైవ్ చూస్తున్నవాళ్లు నేలను చూశారట కాసేపు.

పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేశారు, గుండెకు పట్టీలు పెట్టి చూశారు, సెలైను ఎక్కించారు. రాత్రికి తల్లి వచ్చింది. మర్నాడు పొద్దున రౌండుకు వచ్చిన డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. కాగితాలు చూసి, ప్రత్యూష కుడిచేయి తిప్పి వేళ్ల మొదట్లో నల్లగా కాయకాచిన చోట చూసింది. పళ్లు చూపించమంది. తరువాత రేవతిని ఏదో చీటీ ఇచ్చి ల్యాబుకు పంపింది.

"అన్నం తిన్నాక నువ్వే కక్కుకుంటావా అమ్మా?"

జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగినట్టే అడిగింది. ప్రత్యూష తలూపింది. ఆ తలూపడానికి రెండేళ్లు పట్టింది.

"ఎంతకాలంగా? రోజూనా?"

చెప్పింది. గుమ్మడికాయ మాట దగ్గర ఆగిపోతే డాక్టరమ్మ తొందరపెట్టలేదు.

"దీన్ని బులీమియా అంటారు. నీకొక్కదానికే వచ్చింది కాదు, నువ్వు కనిపెట్టిందీ కాదు. నెలకు ఇద్దరు ముగ్గురు వస్తారు మా దగ్గరికి, రానివాళ్లు ఎంతమందో. తిండి మానేస్తే ఒళ్లు ఊరుకోదు, ఒక్కసారిగా అడుగుతుంది. తింటావు. భయపడి కక్కుతావు. కడుపు ఖాళీ అవుతుంది, మళ్లీ అడుగుతుంది. ఇది తిండిపోతుతనం కాదు, మొండితనం కాదు. జబ్బు."

"దవడలు లావయినాయని ఇంకా ఎక్కువ..." ప్రత్యూష మాట పూర్తి చేయలేదు.

"అది కొవ్వు కాదమ్మా. కక్కీ కక్కీ దవడల కింది గ్రంథులు వాచాయి. రక్తంలో పొటాషియం పడిపోయింది, అందుకే చేతులు కొంకర్లు పోయాయి, గుండె తడబడింది. ఈ మధ్య ఎప్పుడన్నా మరీ ఎక్కువ కక్కావా?"

ప్రత్యూష హజరత్తయ్య సంగతి చెప్పింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి ఆమెవైపు తిరిగింది.

"ఇంకోసారి అక్కడికి పోవద్దు. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈసారి గుండె ఆగిపోవచ్చు. గురువారం మా మానసిక విభాగంలో ఓపీ ఉంది, అక్కడికి రా. వేళకు ఎట్లా తినాలో రాసిస్తారు, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడతారు, అవసరమైతే మాత్రలిస్తారు."

"తగ్గుతుందా మేడం?"

"చాలామందికి తగ్గుతుంది. టైము పడుతుంది. తగ్గి మళ్లీ వస్తుంది కూడా ఒక్కోసారి. వచ్చినప్పుడు దాచుకోకుండా రావాలి, అంతే."

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి ప్రత్యూష తల్లికీ తండ్రికీ చెప్పింది. నేల చూస్తూ, మొదటి నుంచి చివరిదాకా. ఎవరూ ఏమీ పెట్టలేదని, చిన్నమ్మకు దీనితో సంబంధం లేదని, తన చేత్తో తనే చేసుకుందని. చెప్పి తలెత్తేసరికి తల్లి ముఖంలో కోపం లేదు. భయం ఉంది.

"చూసినావా" అన్నది రేవతి భర్తతో. "ఇంకా దిగలా. ఆ ఇందిరమ్మ పిల్ల మనసును ఎంత కట్టేసిందో చూడు. దాన్ని కాయడానికి తన మీద ఇంత రోత నింద ఏసుకుంటా ఉండాది."

"నేనే చెప్తా ఉంటే నమ్మవేంది మా?"

"ఆ ముద్ద నా కళ్లతో చూసినా."

"అది ఆయన తువ్వాల్లోది."

"నువ్వు మాట్లాడబాక. నువ్వు కాదు మాట్లాడేది."

ఆమె ఇందిరమ్మ తరఫున ఎంత మాట్లాడితే ఇందిరమ్మ మీద నేరం అంత గట్టిపడుతుంది. నరేంద్రబాబు అడ్డం వచ్చాడు. "పిచ్చోళ్ల డాక్టరు దగ్గిరికి పోయిందంటే ఊళ్లో తలెత్తుకోని తిరగ్గలమా? గురువారం హజరత్తయ్య దగ్గిరికే పోదాం. స్టేషనుకు ఆటో చెప్తా."

రేవతి పడుకునే ముందు కూతురి పక్కన కూర్చుని జుట్టు సవరించింది. "నీ చేత్తో నువ్వే చేసుకున్నావంటే, నేను నిన్నెట్టా పెంచినట్టు?" అని అడిగింది. జవాబు కోసం అడగలేదు. పెట్టుడు మందు అయితే తప్పు పక్కింటిది. లేకపోతే ఈ ఇంటిది. రేవతికి ఏది కావాలో ప్రత్యూషకు అప్పుడు అర్థమైంది.

గురువారం ఆటో తొమ్మిదికి. ప్రత్యూష ఎనిమిదిన్నరకు డాక్టరమ్మ జబ్బు పేరు రాసిచ్చిన చీటీ చున్నీ కొంగున ముడేసుకుని బడికి పోయింది. పెంచలకృష్ణ సారు ఒకప్పుడు ఆమెకు లెక్కలు చెప్పినవాడు. వరండాలో కొత్త వంటమనిషి బియ్యం కడుగుతోంది. పిల్లలు లైన్లో నిలబడుతున్నారు. ప్రత్యూష స్తంభం పట్టుకుని, ఎవరూ పలకరించకముందే చెప్పేసింది. చీటీ విప్పి చూపించింది.

సారు చీటీ రెండుసార్లు చదివాడు. "మందులు పెట్టడం, తియ్యడం, ఇవన్నీ ఉండవని నాకు తెలుసమ్మా" అన్నాడు.

"తెలిసీ మా చిన్నమ్మను ఎందుకు పంపించేసినారు సార్?"

ఆయన పిల్లల లైనువైపు చూశాడు. "అన్నం మిగిలిపోతా ఉంది. పిల్లలు పస్తులుండారు. నేనేం చేసేది?" చీటీ మడిచి ఇస్తూ, "సోమవారం తల్లిదండ్రుల కమిటీని పిలుస్తా. వాళ్ల ముందు ఇట్నే చెప్పగలవా?"

"చెప్తా."

"చెప్పినా వాళ్లు నమ్మాల గదా."

"తెలుసు సార్."

అక్కడి నుంచి ఇందిరమ్మ ఇంటికి, ఈసారి వీధివైపు నుంచి పోయింది. ఇందిరమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒడిలో పని ఏమీ లేదు. ఆమెను అట్లా వట్టి చేతులతో ప్రత్యూష ఎప్పుడూ చూడలేదు.

"నువ్వొచ్చి పదకొండు రోజులైంది" అన్నది ఇందిరమ్మ.

ప్రత్యూష మెట్టు కింద నిలబడి చెప్పింది. ఇందిరమ్మ ఆశ్చర్యపోలేదు.

"నా పెరట్లో కాలవ ఎవురు కడిగినారనుకున్నావు? రెండేళ్లు కడిగినా. నా వంట నీకు పడటంలా అనుకున్నా. కారం ఎక్కువైందేమోనని తగ్గించినా. చింతపండు తగ్గించినా. చివరికి నూనె కూడా మానేసినా. అడిగితే నువ్వు సిగ్గుపడి రావడం మానేస్తావని అడగలా." ఊపిరి తీసుకుంది. "నేను నోరు మూసుకోని ఉండినందుకు నాకీ గతి. నువ్వు నోరు మూసుకోని ఉండినందుకూ నాకే."

"తప్పైపోయింది చిన్నమ్మా."

"ఆ మాట ఏం చేసుకునేది నేను?"

ప్రత్యూష నిలబడే ఉంది. పోనూ లేదు, లోపలికి రానూ లేదు. వీధి చివర ఆటో హారను వినపడింది. ఇందిరమ్మ అటు చూసి, ఆమె చేతిలోని చీటీ చూసింది.

"అది ఏంది?"

"ఈరోజు పెద్దాసుపత్రికి రమ్మన్నారు. అమ్మోళ్లు హజరత్తయ్య దగ్గిరికి పోదామంటా ఉండారు. మళ్లీ కక్కిస్తే గుండె ఆగిపోతుందని చెప్పింది డాక్టరమ్మ."

ఇందిరమ్మ లేచింది. లోపలికి పోయి చెప్పులు, సంచి తెచ్చుకుని, తలుపుకు తాళం వేసింది. రొయ్యల గుంటల కట్ట మీదుగా అడ్డదారిన బస్సు రోడ్డువైపు నడిచింది. ప్రత్యూష వెనక నడిచింది.

బస్సు ఇందుకూరుపేట దాటాక ఫోను మోగింది.

"యాడుండావే?" రేవతి గొంతు.

"పెద్దాసుపత్రికి పోతా ఉండా మా."

"ఎవురితో?"

"చిన్నమ్మతో."

అవతల ఆటో ఇంజను చప్పుడు వినపడింది. రేవతి ఫోను పెట్టేసింది.

ఓపీ వరండాలో బల్లలు నిండిపోయి ఉన్నాయి. నర్సు పుస్తకం ముందు పెట్టుకుని పేరు, వయసు, ఊరు రాసుకుంది. ఇందిరమ్మను చూసి అడిగింది.

"తోడు వచ్చింది మీరేనా? ఈ అమ్మాయికి ఏమవుతారు?"

ప్రత్యూష చెప్పబోయింది. ఇందిరమ్మ ఆమెకన్నా ముందే చెప్పింది.

"పక్కింటిదాన్ని."

నర్సు రాసుకుంది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం. గంటన్నర తరువాత ప్రత్యూష పేరు పిలిచారు. ఆమె లేచి నిలబడింది గానీ తలుపువైపు కాలు కదలలేదు.

"పో" అన్నది ఇందిరమ్మ, ఆమెవైపు చూడకుండా. "సోమవారం కమిటీలో చెప్పాల్సిందంతా ముందు ఆడ చెప్పు. ఒక్కటి కూడా దాచబాక. నోరు అలవాటవుతుంది."

"నువ్వుంటావా?"

"రెండింటికి బస్సుంది. అందాకా ఉంటా."

ప్రత్యూష లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది.